ఉపజ్ఞయు నుపక్రమమును: గండికోట పనులయందు నిర్మాతల పద్ధతి

పాణినీయమున ద్వితీయాధ్యాయ చతుర్థపాదమునందు (2–4–21) ఉపజ్ఞ, ఉపక్రమము అను రెండు శబ్దములకు నొక్కచోటనే కార్యము విధింపఁబడినది. ఒక వస్తువునకు మొదటివాఁ డెవ్వఁడో చెప్పవలయునను నభిప్రాయ మున్నప్పుడు, ఈ శబ్దములు తుదనుగల తత్పురుషము నపుంసకలింగ మగు నని సూత్రార్థము. వృత్తికారులు చూపిన యుదాహరణములు ప్రసిద్ధములు. పాణిని తానుగా నెఱిఁగి వెలయించిన వ్యాకరణము పాణిన్యుపజ్ఞము. నందుఁడు మొదలుపెట్టిన కొలమానములు నందోపక్రమములు. అమరసింహుఁడు వీని యర్థమును మఱింత విడఁదీసి, మొదటి యెఱుక యుపజ్ఞ యనియు, ఎఱిఁగి యారంభించుట యుపక్రమ మనియుఁ జెప్పెను. ఈ రెండవ నిర్వచనమునందలి 'ఎఱిఁగి' యను పదము గమనింపఁదగినది. వట్టి యారంభము ఉపక్రమము కాదు. ఎఱుక ముందు నడువఁగా దాని వెనుక వచ్చిన యారంభమే యుపక్రమము.

ఈ భేదము శబ్దశాస్త్రమునకే కాక శిల్పమునకును మిక్కిలి యుపకరించును. ఇల్లు, కోట, గుడి, విగ్రహము, యంత్రము, ఏది చేయఁబూనినను చేతిపనికి ముందు మనస్సున నొక కల్పన జరుగును. ఇది కావలె ననుట కోరిక; అది ధనవంతులకును అధికారులకును గూడఁ గలుగును. ఇది యిట్లు కాఁగల దని తెలియుట యుపజ్ఞ. ఆ యెఱుకతో దేనిని ముందు పట్టుకొనవలయునో, దేనిని వెనుకకు నిలుపవలయునో నిశ్చయించి పనికిఁ దొడఁగుట యుపక్రమము. ఒక్క శాస్త్రమునే చదివి యొక్క గని ఱాతినే చేతఁబట్టిన యిద్దఱు స్థపతుల పనులు వేఱువేఱుగా నుండుటకు ముఖ్యకారణ మీ యుపక్రమభేదమే. కావున నొక నిర్మాతయొక్క స్వకీయపద్ధతి యెట్టిదని విచారించువారు వాని యలంకారములను లెక్కించినఁ జాలదు. వాఁడు దేనితో మొదలుపెట్టెనో చూడవలయును. ఈ విచారమునకు రాయలసీమయందలి గండికోట మంచి స్థానము. ఒక్క కొండమీఁదనే కోటపని, గుడిపని, పోతపని మూఁడును జరిగినవి. అందు మొదటి రెండును నిలిచినవి, మూఁడవది చెడినది. చెడిన విధము గూడ లిఖితమై యుండుటచేత మూఁటిని బోల్చి చూచుట కవకాశము గలదు.

గండికోట వై. ఎస్. ఆర్. కడపజిల్లా జమ్మలమడుగు మండలమున నున్నది. పెన్నానది యెఱ్ఱమలకొండలను జీల్చుకొని పాఱుచోట నేర్పడిన గండివలన దీనికీ పేరు వచ్చినది. గండి లోఁతు సుమారు 300 అడుగులు. నదికి దక్షిణపుగట్టున నిట్టనిలువు చఱియమీఁదఁ గోట వెలసినది. క్రీ. శ. 1123 లోఁ గాపరాజు దీనికి మొదలుపెట్టెనని స్థలైతిహ్యము. విజయనగర రాజుల కాలమునఁ బెమ్మసాని నాయకులు దీనిని బలపఱచి యేలిరి. 1650 లో గోలకొండ కుతుబ్‌షాహీ రాజ్యమునకు మంత్రియు సేనానియు నైన మీర్ జుమ్లా దీనిని జయించెను. మాధవరాయస్వామి యాలయము, రంగనాథస్వామి యాలయము, జామియా మసీదు, ధాన్యాగారము, రాయలచెఱువు నేఁటికిని గోటలోపలఁ గానవచ్చును.

ఈ చరిత్రయందు నరుల పేళ్లకుఁ గొదువ లేదు. కాని యవి కట్టించినవారి పేళ్లు; కట్టినవారివి కావు. కట్టెను, కట్టించెను అను క్రియలకుఁ గల భేదము పాఠశాలాబాలురకును దెలిసినదే. పాణిని ప్రయోజకునకు హేతుసంజ్ఞను గర్తృసంజ్ఞను రెంటిని నిచ్చెను (1–4–55). చేయించువాఁడును గర్తయే యని దీని భావము. అయినను దానిచేతఁ జేయువాని కర్తృత్వము తొలఁగిపోదు. ప్రయోజ్యుఁడు లేక ప్రయోజకుఁడే లేఁడు. శాస్త్రమిట్లు ఇరువురను నిలుపఁగా లోకవ్యవహారము ప్రయోజకుని మాత్రము నిలిపి ప్రయోజ్యుని మఱచినది. గండికోట గోడకు నూలుపట్టిన వానిని, మాధవరాయని గోపురమునకుఁ గొలతలిచ్చిన వానిని జనులు పేరుపెట్టి తలఁచుట లేదు.

పేరు పోయినను బని నిలిచినది. పనినిబట్టి చేసినవాని తాత్పర్యమును దెలిసికొనుటకు మన శాస్త్రములయందు మార్గము లేకపోలేదు. మీమాంసకులు సందర్భతాత్పర్యమును నిర్ణయించుట కాఱు లింగములను జెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. వీనిలో ఆద్యంతముల యైకమత్యము, ఒకే యభిప్రాయము మఱలమఱల వచ్చుట, యుక్తికి నిలుచుట అను మూఁడును ఱాతిపనికిఁ గూడఁ జక్కఁగా నన్వయించును. కర్త తెలియని గ్రంథమునకు గ్రంథమే సాక్షి యైనట్లు స్థపతి తెలియని కట్టడమునకుఁ గట్టడమే సాక్షి.

మొదట కోటను విచారింపవలయును. కౌటిల్యుఁడు దుర్గములను ఔదకము, పార్వతము, ధాన్వనము, వనదుర్గము అని నాలుగు విధములుగా విభజించెను. గండికోటకుఁ గొండయు నీరును రెండును రక్షయే. సమతలమునఁ గోట కట్టఁబూనినవాఁడు గోడతో మొదలుపెట్టును. నాలుగు దిక్కులను సమానమగు బలము, చుట్టును అగడ్త, నడుమనడుమ ద్వారములు వాని కల్పన. గండికోట నిర్మాత యట్లు చేయలేదు. వాఁడు ముందుగా గోడతో నక్కఱ లేని దిక్కు నెదకెను. అట్టి దిక్కు పెన్నచఱియ. దానిని బట్టుకొనిన పిదపనే గోడ యెచ్చట బలముగా నుండవలయునో వానికిఁ దేటపడినది. అనఁగా వాని పని కట్టుటతో గాక కట్టనక్కఱలేనిదానిని దెలియుటతో నారంభమైనది.

ఇందులకుఁ బ్రత్యక్షసాక్షి యొకఁడు గలఁడు. ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుఁడు తావెర్నియే 1652 లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. వాని యాత్రాగ్రంథము 1676 లోఁ బారిసునగరమున ముద్రితమైనది. కోటకెక్కు దారి యొక్కటే యనియు, దాని వెడల్పు 20 లేక 25 అడుగు లనియు, కొన్నిచోట్ల 7, 8 అడుగులకు మించ దనియు, దారి కొకప్రక్క భయంకరమగు లోయయు దాని యడుగున నదియు నున్న వనియు వాఁడు వ్రాసెను. పట్టణమునకు మైదానపువైపున నొక్కటే ద్వారము. ఆ వైపున మాత్రము చెక్కుడుఱాతి గోడలు మూఁడు, వాని మొదళ్ల ఱాతికట్టుగల యగడ్తలు. కాఁబట్టి ముట్టడివేళ లోనివారు కాపాడుకొనవలసినది 400 లేక 500 అడుగువేఁతల మేర మాత్రమే. లోనివారికి నినుపఫిరంగులు రెండే యున్నవని గూడ వాఁడు చెప్పెను. ఇంత పెద్దకోటకు నింత చిన్న కాపుదల చాలుట యాకస్మికము కాదు. అది నిర్మాత మొదటనే వేసికొనిన లెక్క.

ఈ యభిప్రాయమే కోటయందు మఱలమఱలఁ గనఁబడును, అదియే యభ్యాసలింగము. ఆ కొండయందలి ఱాయి యిసుకఱాతి జాతికిఁ జెందిన గట్టిఱాయి. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని గండికోట క్వార్ట్‌జైటు అని యీ యూరిపేరనే వ్యవహరించుచున్నారు. అది పొరలు పొరలుగాఁ బఱచుకొని, నిలువుబీఁటలచేఁ బలకలుగా విడివడు స్వభావము గలది. లోయకుఁ జఱియను నిలువుగా నిలిపిన గుణమే గోడకుఁ జదరపుఱాతిని సమకూర్చినది. ఱాతికై దూర మేఁగనక్కఱ లేకపోయెను. కొండపై నిలిచిన నీటికిఁ జెఱువులు కట్టి, ధాన్యమునకుఁ గొట్టము నిర్మించిరి. ఏలయన శత్రువు గోడను దాఁటలేనప్పుడు దప్పికయు నాఁకలియుఁ దాఁటి వచ్చును. చఱియ, ఱాయి, నీరు, ఈ మూఁటియందును స్థలము తా నిచ్చినదానిని ముందు గ్రహించి, ఈయనిదానిని మాత్రము మనుష్యుఁడు పూరించుట యను నొక్క పద్ధతియే తోఁచుచున్నది.

ఆ కోట పడిన విధము గూడ నీ నిర్ణయమునకే యుపపత్తి. కొండమీఁదికి ఫిరంగుల నెక్కింపనిదే కోట లొంగదని మీర్ జుమ్లా తెలిసికొని, కొలువునందలి ఐరోపా ఫిరంగివారికి నాలుగు నెలల జీత మధికముగా నిచ్చెదనని చెప్పి నాలుగు ఫిరంగులను బైకిఁ జేర్పించెనని తావెర్నియే వ్రాసెను. అవి ద్వారమును సగము పడఁగొట్టిన పిదప లోనివారు సంధి చేసికొని కోట విడిచిరి. గోడ పుట్టిన తరువాత పుట్టిన యాయుధమునకు గోడ లొంగినది. మొదటి నిర్మాత యెఱుకయందు ఆ యాయుధము లేదు. తన యెఱుకకు లోఁబడినంతవఱకు వాఁడు తప్పలేదు.

ఒక్క స్థలమునే చూచి యిద్దఱు వేఱువేఱు కల్పనలు చేయుదు రనుటకు నేఁటి నిదర్శనమును గలదు. గాలేరు–నగరి సుజలస్రవంతి పథకమున ఇంజనీర్లు ఈ గండికి నెగువనే గండికోట జలాశయమును గట్టిరి. దాని నిలువసామర్థ్యము 26.85 శతకోటి ఘనపుటడుగులు. దిగువను మైలవరము జలాశయ మున్నది. కోట నిర్మాతకు గండి మనుష్యుల నాఁపు నడ్డంకి. ఆనకట్ట నిర్మాతకు నదియే తక్కువ కట్టుతో నెక్కువ నీటి నాఁపఁగల యిఱుకుచోటు. స్థల మొక్కటి, ఉపజ్ఞలు రెండు. అయినను ఉపక్రమమున నిరువురును బంధువులే. ఇరువురును గండినే ముందు చూచిరి.

ఇచట నొక యాక్షేపము రాఁదగును. మన నిర్మాతలు శాస్త్రమును బట్టి నడచినవారు గదా. అట్టివారికి స్వకీయపద్ధతి యేది? కొలతలు శాస్త్రమువి, చేయి మాత్రము శిల్పిది యని కొందఱు తలంచుచున్నారు. ఇది శాస్త్రస్వరూపమును సరిగా గ్రహింపకపోవుటచేఁ గలిగిన భ్రాంతి. మయమతము నుదాహరణముగాఁ గొనవచ్చును. అందు భూపరీక్ష ముందు, భూపరిగ్రహము తరువాత, మానోపకరణము, దిక్పరిచ్ఛేదము ఆపైని వచ్చును. గుడి యెట్లుండవలయునను మాటకుఁ బూర్వమే నేల యెట్టిదను విచారము ముగియవలయును. రంగు, వాసన, రుచి, ఆకారము, ధ్వని, స్పర్శ మొదలగువానిచే నేలను బరీక్షింపవలయును. గుంటఁ ద్రవ్వి యా మంటినే మఱలఁ బోయఁగా మిగిలిన నుత్తమము, సరిపోయిన మధ్యమము, చాలకున్న నధమము. శాస్త్ర మిచట నొక గుడి యాకృతిని శిల్పికిఁ జెప్పుటలేదు. ప్రశ్నల క్రమమును జెప్పుచున్నది. ప్రశ్న శాస్త్రముది, ఉత్తరము స్థలముది, నిశ్చయము స్థపతిది.

కొలతల విషయమునను ఇట్లే. ఆయము, వ్యయము, నక్షత్రము, యోని, వారము, తిథి యను షడ్వర్గముచే స్థపతి తాను దలఁచిన చుట్టుకొలతనో పొడవునో గుణించి భాగించి, శేషమును బట్టి శుభాశుభములను దెలిసికొనును. ఈ లెక్క కొలతను బుట్టింపదు. పుట్టిన కొలతను బరీక్షించును. ముందు స్థపతి మనస్సున నొక ప్రమాణము పుట్టినఁ గాని లెక్కకు విషయమే లేదు. పరీక్షకు నిలిచిన కొలతలు పెక్కు లున్నప్పుడు వానిలో నొకదానిని గైకొనుటయు వాని వివేకమే. వ్యాకరణము వాక్యమును రచింపదు. రచించిన వాక్యమునందలి సాధుత్వమును నిర్ణయించును. శిల్పశాస్త్రమునకును స్థపతికిని గల సంబంధము సరిగా నిట్టిదే. అందుచేతనే మయమతము పనివారిని స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుఁడు, వర్ధకి యని నలువురనుగాఁ జెప్పి స్థపతికి సర్వశాస్త్రపరిచయము విధించినది. నూలుపట్టుట, చెక్కుట, కూర్చుట యను పనులు మువ్వురకుఁ బంచిన తరువాత స్థపతికి మిగిలినది కల్పనయే.

గండికోటయందలి మాధవరాయస్వామి యాలయము క్రీ. శ. 16వ శతాబ్దినాఁటిది. దాని గోపురమునకు నాలుగు నెలవు లున్నవి. విజయనగరకాలపు గోపురములయందు సామాన్యముగా నడుగుభాగము ఱాతితోడను, పైయంతరువులు ఇటుక సున్నములతోడను గట్టఁబడును. దీనిని జూచువాఁడు పైనుండి క్రిందికిఁ జూచును. కల్పించువాఁడు క్రిందినుండి పైకిఁ దలంపవలయును. ఎత్తు కావలెనను కోరికతో మొదలిడినవాఁడు పైకిఁ బోయినకొలఁది బరువు పెంచుకొనును. మోయువాని శక్తితో మొదలిడినవాఁడు పైకిఁ బోయినకొలఁది బరువు తగ్గించుకొనును. అడుగున ఱాయి, పైని నిటుక, ప్రతినెలవునకును వెడల్పు తగ్గుదల, ఇవి చూపఱ కందముగాఁ దోఁచినను నిర్మాతకు మొదట భారవిచారములు. కోటయందలి గోడయు గుడియందలి గోపురమును వేఱు ప్రయోజనముల కేర్పడినవే. ఐనను మోయునదానిని ముందెఱిఁగి మోయఁబడుదానిని వెనుకఁ దలఁచుట రెంటికిని సమానధర్మము.

ఇఁక పోతపని. ఆలయములలోని యుత్సవవిగ్రహములు మధూచ్ఛిష్టవిధానమున, అనఁగా మైనపుటచ్చు పద్ధతిని, పోయఁబడినవి. విగ్రహమునకు మొదటి ప్రమాణము తాళము. ముఖము పొడవు తాళమై, అది పండ్రెండంగుళములు గాఁగా, దశతాళ ప్రతిమకు 120 అంగుళములును ఉత్తమదశతాళమునకు 124 ను నగును. ఇచటి యంగుళ మా ప్రతిమకుఁ జెందిన భాగమే కాని లోకమునఁ గొలుచు నంగుళము కాదు. కావున ప్రతిమ యెంత చిన్నదైనను నెంత పెద్దదైనను ముఖము తక్కిన యవయవములకుఁ గొలకఱ్ఱ యగును.

కల్యాణచాళుక్యుఁడైన సోమేశ్వరుఁడు క్రీ. శ. 12వ శతాబ్దిని రచించిన మానసోల్లాసమున నీ పోతక్రమము వర్ణితమైనది. మైనపుప్రతిమను జేసి, దానిని ముందుగాఁ దూఁచవలయును. పిదప ఊకబొగ్గు, ప్రత్తి, ఉప్పు చేర్చి మెత్తఁగా నూఱిన మంటితో నొకదానిపై నొకటిగాఁ బూఁతలు పెట్టి నీడ నాఱఁబెట్టవలయును. మైనపుతూనికను బట్టియే లోహమును గొలువవలయును. వెండి పండ్రెండు రెట్లు, బంగారము పదియాఱు రెట్లు, రాగి యిత్తడులకు నింతకుఁ దక్కువ. ఆపై మూసను గాల్చి మైనమును గరఁగించి తీసి, ఆ త్రోవనే కరఁగిన లోహమును దెగని సన్నధారగాఁ బోయవలయును. చల్లాఱిన పిమ్మట మన్ను పగులఁగొట్టి మెఱుఁగు పెట్టవలయును.

ఈ క్రమమున మైనమును దూఁచుట చిన్నపనివలెఁ దోఁచును. కాని పోతయంతయు దానియందే యున్నది. మూస మూసిన పిమ్మట లోపలి ఖాళీ యెంతో కన్నునకుఁ గానరాదు. పోయుట మొదలైన తరువాత లోహము చాలలేదని నిలుపుటకు వీలులేదు. కాఁబట్టి కానరానిదానిని గనఁబడుచున్నప్పుడే తూఁచి యుంచుకొనిరి. ఎఱిఁగి యారంభించుట యనఁగా నిదియే. ఇట్టి యెఱుకతోఁ బోసిన విగ్రహములు గండికోట యాలయమునఁ బెక్కు లుండెను.

ఇట్టి యెఱుక లేని పోత యెట్లు ముగియునో యా కొండమీఁదనే కనఁబడినది. 1650 తరువాత మీర్ జుమ్లా గండికోటయందు ఫిరంగులు పోయింపఁదలఁచి, ఫ్రాన్సుదేశమున బూర్జునగరమువాఁడైన క్లోదు మైయే యనువానిని నియమించెను. ఈ వృత్తాంతమును జెప్పినవాఁడు తావెర్నియే. పోయవలసిన ఫిరంగులు 20. అందు పది 48 పౌనుల గుండును, పది 24 పౌనుల గుండును విసరునవి. లోహమునకై సేన దోఁచిన గుళ్లనుండి రాగివిగ్రహములు కుప్పలుగాఁ దేఁబడెను. మైయే తక్కినవాని నెల్లఁ గరఁగించెను గాని గండికోట యాలయమునందలి యాఱు రాగివిగ్రహములు మాత్రము కరఁగలేదు. వానిలో మూఁడు పదియడుగుల యెత్తుగలవి. మీర్ జుమ్లా యెంత ధనము వెచ్చించినను ఫలము లేకపోయెను. అర్చకులు వానికి మంత్రము వేసిరని యాతఁడు వారిని బెదరించెను. తుదకు మైయే యొక్క ఫిరంగినైన సరిగాఁ బోయలేదు. ఒకటి పగిలెను, ఒకటి యసంపూర్తిగా నిలిచెను. వాఁడు పనియంతయు విడిచి కొంతకాలమునకుఁ గొలువును గూడ విడిచిపోయెను.

భక్తులు దీనిని దైవమహిమగాఁ దలంచుట సహజము. ఆ విశ్వాసముతో నిచట వివాదము లేదు. కాని పనిచెడుటకు నర్చకుల మంత్రమే కారణ మన్న యభియోగమును మాత్రము అన్వయవ్యతిరేకములచేఁ బరీక్షింపవలయును. కరఁగనివి యాఱు విగ్రహములు మాత్రమే. తక్కినవి కరఁగినవి. పగిలిన ఫిరంగియు, అసంపూర్తియైన ఫిరంగియు నా కరఁగిన లోహముతోఁ బోసినవే. కరఁగనిది మూసలోనికిఁ జేరనే లేదు. ఆ యాఱు విగ్రహములు లేకున్నను ఫిరంగి పగిలినది. కావున ఫిరంగి పగులుటకు నవి కారణములు కావు. కారణమును బోసినవాని యుపక్రమముననే వెదకవలయును.

రెండు ఫిరంగుల దోషములు రెండు విధములుగా నుండుట గమనింపఁదగినది. అసంపూర్తియగుట లోహము మూసను నింపకపోవుట. అనఁగాఁ దూనిక తప్పెను, లేక నింపులోపల లోహము గట్టిపడెను. 48 పౌనుల గుండును విసరు ఫిరంగి తాను వేలకొలఁది పౌనుల బరువుండును. ఆ లోహమంతయు నొక్కమాఱుగాఁ గరఁగి యొక్కధారగా దిగవలయును. కాఁబట్టి యట్టిపనికి మొదటి ప్రశ్న ఫిరంగి యెంత యనునది కాదు, కొలిమి యెంత యనునది. ఇఁక పగులుట మిశ్రమదోషమువలనఁగాని, మూసయందలి తడివలనఁగాని, చల్లాఱుటలోని వైషమ్యమువలనఁగాని కలుగును. ఫిరంగికంచు రాగి తొమ్మిది పదిపాళ్లకుఁ దగర మొకపాలుగా నుండవలయును. పలుగుళ్లనుండి వచ్చిన విగ్రహములు పలుకాలములవి, పలుచేతులవి. వానియందు రాగి, తగరము, సీసము, యశదము వేఱువేఱు పాళ్లుగా నుండును. వాని నన్నిటిని గలిపి కరఁగించినవానికిఁ దన మూసలోనికిఁ బోవునది యేలోహమో తెలియుట దుర్లభము. కరఁగని యాఱింటి విషయమునను లౌకికకారణము నూహింపవచ్చును. శుద్ధమగు రాగికిఁ గరఁగుటకు 1085 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడి కావలయును. పదియడుగుల ప్రతిమ ఘనముగాఁ బోసినదైనచో, ఒకచోటఁ దగిలిన వేఁడిని రాగి తన మేనంతటికిని బఱపును. చిన్నకొలిమి దానిని గరఁగింపఁజాలదు.

ఐరోపాఖండమున నీ విద్య లేదని చెప్పరాదు. ఇటలీదేశపు బిరింగుచియో లోహవిద్యపై రచించిన గ్రంథము 1540 లోనే వెనీసునగరమున వెలువడినది. మూసలు, కొలిములు, ఫిరంగుల పోత దానియందు విపులముగాఁ జెప్పఁబడినవి. ఫిరంగిపనివారు గొట్టపు నోటి వ్యాసమును మూలప్రమాణముగాఁ గొని, పొడవును గోడమందమును దానికి నిన్ని రెట్లని నిర్ణయింతురు. ఇది మన శిల్పుల తాళమానమునకు సోదరమే. కాఁబట్టి గండికోటయందుఁ జెడినది యీ దేశపు విద్యయుఁ గాదు, ఆ దేశపు విద్యయుఁ గాదు. విద్యకును బనికిని నడుమనుండవలసిన క్రమము. ఇరువది ఫిరంగులు, ఇన్ని పౌనులు అను సంఖ్య ముందు పుట్టినది. లోహమును బరీక్షించుట, కొలిమిని గొలుచుట, ఒక చిన్నఫిరంగిని ముందు పోసి చూచుట, ఇవి వెనుకఁ బడినవి. ప్రయోజకుఁడు ఫలమును గోరెను; ప్రయోజ్యుఁడు దానికి సమ్మతించెను; ద్రవ్యము నడిగినవాఁడు లేకపోయెను. పని చెడినప్పుడు పనితో సంబంధము లేని యర్చకులపై నేరము మోపఁబడెను. మొదటి ప్రశ్న నడుగనిచోట తుదను నిందకుఁ బాత్రుని వెదకుకొనుట లోకమునఁ బలుమాఱు జరుగునదియే.

దీనివలన నైన నష్టము ఫిరంగుల నష్టము కాదు. కరఁగిపోయిన విగ్రహ మొక్కొక్కటియు నొక స్థపతి నేలనో ముఖమునో ముందు కొలిచి, మైనమును దూఁచి, క్రమముగా నడిపిన పని. పెక్కుతరముల యుపజ్ఞ యొక్క కొలిమిలోఁ గలిసి, దాని కీడుగా నొక్క పనికివచ్చు వస్తువైనను బుట్టలేదు. మఱియొక విచిత్రము గలదు. గోడ నిలిపినవాని పేరును, గోపుర మెత్తినవాని పేరును, విగ్రహములు పోసినవారి పేళ్లును జనులు మఱచిరి. అదే కొండమీఁదఁ బని చెడఁగొట్టిన మైయే పేరు మాత్రము యాత్రాగ్రంథమున నూరితోడఁగూడ నిలిచినది. పేరు నిలుచుట నిర్మాతృత్వమునకుఁ బ్రమాణము కాదనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

గండికోట మూఁడుపనులవలనఁ దేలిన సిద్ధాంత మిది. నిర్మాత స్వకీయపద్ధతి వాని ముద్రయందుఁగాని యలంకారమందుఁగాని లేదు; ప్రశ్నల క్రమమునం దున్నది. కోట నిర్మాత చఱియను ముందడిగెను; గోపురస్థపతి నేలను భారమును ముందడిగెను; విగ్రహశిల్పి మైనమును ముందు తూఁచెను. మువ్వురును దమకు లోఁబడనిదానిని ముందెఱిఁగి, లోఁబడినదానిని వెనుకఁ దీర్చుకొనిరి. మైయే యా క్రమమును దలక్రిందు చేసెను. శాస్త్రము ప్రశ్నల నేర్పును; వానిని దప్పక యడుగు నోర్పు మాత్రము నిర్మాతదే.

పాఠశాలలయందుఁ బండితులు బాలురను గండికోటకుఁ గొనిపోవునప్పుడు ఎవరు కట్టించిరి, ఏయేఁట జయించిరి యను ప్రశ్నలతో నాఁగక, గోడ యెచ్చట బలముగా లేదు, ఏల లేదు, గోపురమున ఱాయి యెంతవఱకు, ఇటుక యెచ్చటనుండి యని యడిగింపవలయును. ఉత్తరము చెప్పుటకు బాలుఁడు చఱియ యంచునకుఁ బోయి లోయను జూడవలసివచ్చును. గోపురము మొదట నిలిచి పైకి లెక్కింపవలసివచ్చును. అట్లు చూచినవానికి స్థపతి పేరు తెలియకపోవచ్చును గాని స్థపతి తలఁచిన తీరు తెలియును. కట్టినవానికిఁ జెల్లవలసిన ఋణమునందుఁ గొంతయైన నిట్లు తీఱును.